బిగించడం ఒక్కటే తెలిసిన చేయి

మన దగ్గర దెబ్బ ఎంత పెద్దదో కుట్ల లెక్కలో చెప్పుకుంటాం. తలకి ఎనిమిది కుట్లు పడ్డాయట అంటే వినేవాళ్లు అయ్యో అంటారు, రెండే అంటే తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు. యాక్సిడెంట్ వార్తల్లోనూ ఈ లెక్క ఉంటుంది. క్యాజువాలిటీలో కట్టు కట్టడం కాగానే పేషంటు అడిగే మొదటి మాట "ఎన్ని వేశారు సార్?". ఆ వెంటనే "కరిగేవేనా, మళ్లీ వచ్చి తీయించుకోవాలా?". ఎంత బిగించారని మాత్రం ఎవరూ అడగరు. అన్నిటికంటే ముందు అడగాల్సింది అదేనని డాక్టరునైన నాకే తెలిసేసరికి చాలా కాలం పట్టింది.

నేను కుట్లు నేర్చుకున్నది తలల మీద. సికింద్రాబాద్‌లో ఒక ఆస్పత్రి క్యాజువాలిటీలో కొత్తగా చేరిన రోజుల్లో రాత్రి డ్యూటీ అంటే ఎక్కువగా బండి మీంచి పడి తల పగిలినవాళ్లే. మెట్టుగూడ, చిలకలగూడ, ప్యారడైజ్, ఎటునుంచి వచ్చినా చొక్కా అంతా నెత్తురే. తల మీద చిన్న గాయానికి కూడా అంత నెత్తురు రావడానికి కారణం ఉంది. అక్కడి రక్తనాళాలు గట్టి నార లాంటి పొరలో ఇరుక్కుని ఉంటాయి. తెగినప్పుడు అవి ముడుచుకోలేవు, నోరు తెరుచుకునే ఉంటాయి. సూది లోతుగా దింపి, దారం గట్టిగా లాగి ముడి వేస్తే గాని కారడం ఆగదు. లాగగానే ఆగేది, పక్కన నిలబడ్డ బంధువుల ముఖాల్లో భయం తగ్గేది. తల చర్మానికి రక్తప్రసారం బాగా ఎక్కువ కాబట్టి కొంచెం ఎక్కువ బిగించినా ఓర్చుకుంటుంది. ఆ సంగతి అప్పట్లో నాకు పట్టలేదు. గట్టిగా లాగడమే మంచి కుట్టు అని నా చేతికి అలవాటైపోయింది.

ఆ చేతితోనే ఒకావిడ ముంజేయి కుట్టాను. జనరల్ బజార్‌లో చీరలకు ఫాల్ కుట్టే మనిషి. షోకేస్ అద్దం పగిలి, ముంజేయి లోపలి వైపు నాలుగు వేళ్ల పొడవున తెగింది. గాయం శుభ్రంగానే ఉంది. జైలోకెయిన్ ఇచ్చి, నల్ల సిల్కు దారంతో మొదలుపెట్టాను. ఆవిడ ముఖం తిప్పుకోకుండా నా చేతులకేసే చూస్తోంది. మూడో కుట్టు దగ్గర, "అంత గట్టిగ గుంజితే గుడ్డ ముడత పడ్తది గద సార్?" అంది.

నేను నవ్వి ఊరుకున్నాను. ఒళ్లు, చీర ఒకటి కాదమ్మా అన్నట్టు తలూపాను కూడా. అప్పుడే కిందికి చూసి ఉంటే కనబడేది. దారం కింద చర్మం పాలిపోయి తెల్లబడింది, గాయం అంచులు రెండూ పైకి ఉబ్బి, కుట్టుకీ కుట్టుకీ మధ్య ముడతలు పడ్డాయి. ఆవిడ చెప్పింది అక్షరాలా అదే. ఫాల్ కుట్టేటప్పుడు దారం ఒక్క పిసరు ఎక్కువ లాగితే అంచంతా కుచ్చులా ముడుచుకుంటుంది, చీర కట్టుకున్నాక అది దాగదు. ఆ పనే బతుకుగా ఉన్న మనిషి కన్ను నా కంటే ముందు చూసింది.

నాలుగో రోజు వచ్చేసరికి అంచులు నల్లబడ్డాయి. కుట్లు కత్తిరించి విప్పితే గాయం మళ్లీ తెరుచుకుంది. చచ్చిన చర్మం తీసేసి, కట్లు మారుస్తూ మానబెట్టాల్సి వచ్చింది. మచ్చ వెడల్పుగా మిగిలింది, దానికి అటూ ఇటూ ప్రతి కుట్టు చోటా ఒక అడ్డగీత. ఆ వారాలన్నీ ఆవిడ పనికి పోలేకపోయింది. రోజు కూలి పోయిన సంగతి ఒక్కసారి కూడా నాతో అనలేదు. నేనూ అడగలేదు. కుట్టు తప్పడం కంటే అడక్కపోవడమే ఇవాళ నాకు పెద్ద తప్పుగా కనిపిస్తోంది.

ఆ తరువాత సీనియర్ సర్జన్ ఒకాయన నన్ను పక్కకు పిలిచి, సర్జన్లందరూ చెప్పుకునే మాటనే తన తెలుగులో చెప్పారు: "అంచుల్ని దగ్గరికి తీసుకురావాలయ్యా, ఉరి వేయకూడదు."

ఎందుకో చెబుతాను. గాయమైన చోట రెండు మూడు రోజులపాటు వాపు పెరుగుతుంది. బల్ల మీద సరిగ్గా ఉన్న కుట్టు మర్నాటికి దానంతట అదే బిగుసుకుంటుంది. బల్ల మీదే బిగించేస్తే మర్నాటికి ఆ దారం కింద నెత్తురు ఆడదు. నెత్తురు ఆడని అంచు మానదు. అసలు గాయాన్ని మానిపేది దారం కాదు. రెండు అంచుల్లోంచి పుట్టే కొత్త కణజాలం మానుస్తుంది, అది తయారయ్యేదాకా అంచులు కదిలిపోకుండా దారం చూసుకుంటుంది, అంతే. వారం రోజులకు గాయానికి వచ్చే బలం మామూలు చర్మంలో పదో వంతు కూడా ఉండదు. మూడు నెలలైనా నూటికి ఎనభై పాళ్లు దాటదు. అంత నిదానంగా సాగే పనిని బలవంతంగా లాగి తొందరపెట్టలేం.

పొట్ట ఆపరేషన్లలో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. దగ్గినా, తుమ్మినా, కడుపు ఉబ్బరించినా కోత పొడవు సాగుతుంది. దారంలో సాగేందుకు చోటు లేకపోతే అది కండను కోసుకుంటూ పోతుంది. జెంకిన్స్ అనే బ్రిటిష్ సర్జన్ 1976లో దీన్ని లెక్కగట్టి, కోత పొడవుకు కనీసం నాలుగు రెట్ల దారం పట్టేలా కుట్టాలన్నాడు. నెదర్లాండ్స్‌లో చేసిన పెద్ద పరిశోధన ఒకటి 2015లో అచ్చయింది. పెద్ద పెద్ద కుట్లు వేసిన పొట్టల్లో ఏడాది తిరిగేసరికి నూటికి 21 మందికి కోత దగ్గర హెర్నియా వస్తే, అంచుకు దగ్గరగా సన్నసన్న కుట్లు వేసినవాళ్లలో అది 13కి తగ్గింది. దారం ఎంత బలమైనదన్న దానికంటే అది ఎక్కడ, ఎలా పడిందన్నదే ముఖ్యమన్నమాట.

చాలా ఆలస్యంగా సుశ్రుత సంహిత తెరిచాను. మెడికల్ కాలేజీలో సుశ్రుతుడి పేరు ముక్కు ఆపరేషన్ దగ్గర ఒక్కసారి వినిపిస్తుంది, అంతటితో సరి. సూత్రస్థానంలో కుట్ల గురించి ఆయన చెప్పింది చదువుతుంటే నా తప్పుల జాబితా ఎవరో ముందే రాసిపెట్టినట్టు అనిపించింది. కుట్లు మరీ దూరంగా వేస్తే గాయపు అంచు నొప్పి పెడుతుంది, మరీ దగ్గరగా వేస్తే చిరిగిపోతుంది అన్నాడు. కండ తక్కువగా ఉన్న చోటా కీళ్ల మీదా రెండంగుళాల గుండ్రటి సూది, కండ దండిగా ఉన్న చోట మూడంగుళాల సూది, పొట్ట మీదా మర్మస్థానాల మీదా విల్లులా వంగిన సూది వాడమన్నాడు. ఆయన అంగుళమంటే వేలి వెడల్పు. దారాల్లో నార, జనుము, నరం, వెంట్రుక, చివరికి మన పెరట్లో పాకే తిప్పతీగ కూడా ఉంది. మనిషి మీద చేయి వేసే ముందు మందపాటి గుడ్డ అంచుల మీదా మెత్తటి తోలు మీదా కుట్టి నేర్చుకొమ్మన్నాడు. నేను నేరుగా మనుషుల మీదే నేర్చుకున్నాను.

తలలోని ఎముకల అతుకుల్ని ఆయన శారీరస్థానంలో సీవనులన్నాడు. ఒంట్లో మొత్తం ఏడు సీవనులు, అయిదు తలలోనే, వాటి జోలికి కత్తి పోకూడదు అని. ఇవాళ మేం ఆ ఎముక అతుకునీ, గాయానికి వేసే కుట్టునీ రెంటినీ సూచర్ అనే అంటాం.

ఎలాంటి గాయాన్ని కుట్టకూడదో కూడా సూత్రస్థానంలో కుట్ల గురించి చెప్పిన చోటే ఉంది. కాలినవి, విషం తగిలినవి, లోపల ఏదైనా గుచ్చుకుని మిగిలిపోయినవి కుట్టవద్దన్నాడు. మట్టి, వెంట్రుకలు, విరిగిన ఎముక ముక్కలు తీయకుండా మూస్తే చీము పడుతుందన్నాడు. దీన్ని చదివినప్పుడు చిలకలగూడలో క్లినిక్ పెట్టిన కొత్తల్లో నేను చేసిన ఒక పని గుర్తొచ్చి చేతులు చల్లబడ్డాయి. వీధి కుక్క చెంప కరిచిన ఆడపిల్లను తీసుకొచ్చారు. మచ్చ పడితే రేపు పెళ్లెలా అని తల్లి ఏడుస్తోంది. నేను గాయం కడిగి, సన్నటి దారంతో అందంగా కుట్టేసి, పొద్దున్నే నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి గానీ, నారాయణగూడ ఐపీఎంకి గానీ వెళ్లి వ్యాక్సిన్ వేయించుకొమ్మని పంపాను. కుక్క కాటుకు చేయాల్సింది దీనికి పూర్తిగా ఎదురు. సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి, కాటు చర్మాన్ని దాటి దిగితే రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్ గాయంలోకే ఎక్కించాలి, కుట్టకుండా వదిలేయాలి. ముఖం మీద కాబట్టి తప్పదనుకుంటే, ఆ మందు ఎక్కించి కొన్ని గంటలు ఆగాక, ఒకటో రెండో వదులు కుట్లు. ముందే కుడితే సూది పోట్లే వైరస్‌ను నరాల దాకా తీసుకుపోవచ్చు. ఆ పిల్లకు ఏమీ కాలేదు. అందులో నా గొప్ప ఏమీ లేదు. ఆ ఏడాదంతా వాళ్ల వీధి వైపు వెళ్లినప్పుడల్లా ఆ పిల్ల ఆడుకుంటూ కనిపిస్తుందా అని చూసేవాణ్ని.

ఈ రెండు తప్పులూ నా చేతివి. మూడోది చేయి చేయనిది, అందుకే ఎక్కువ కాలం నాతో ఉంది.

నెలన్నర టీకాకు ఒక మగబిడ్డను తీసుకొచ్చారు. నాయనమ్మ ఒళ్లో ఉన్నాడు. మాడు మీద ఆముదం మెరుస్తోంది. "తలకాయ వెనక్కు పొడుగ్గ పోతున్నది సార్. మా ఇంట్ల ఎవ్వరికీ ఇట్ల లేదు" అంది ఆవిడ. కాళ్ల మీద పడుకోబెట్టుకుని స్నానం పోసేది ఆవిడే, రోజూ ఆ తలను రెండు చేతుల మధ్య పట్టుకునేది ఆవిడే. నేను మాడు తాకి చూశాను, మెత్తగా ఉంది. టేపు పెట్టి తల చుట్టుకొలత తీశాను, చార్టులో ఉండాల్సిన గీతల మధ్యే ఉంది. కాన్పులో నొక్కుకుని ఉంటుంది, పడుకోబెట్టే వైపు మారుస్తుండండి, అదే సర్దుకుంటుంది అన్నాను. ఆవాల దిండు వేయమంటారా అని తల్లి అడిగితే వేయండి అన్నాను. మూడున్నర నెలల టీకాకు వచ్చినప్పుడు నాయనమ్మ మళ్లీ అదే మాట అంది. నేనూ అదే జవాబు చెప్పాను.

మాడు మెత్తగా ఉండటం, కొలత సరిపోవడం రెండూ నిజమే. నేను ఏ జబ్బును చూడలేకపోయానో దానిలో అవి రెండూ అలాగే ఉండవచ్చు.

పుట్టిన బిడ్డ పుర్రె ఒకే ఎముక కాదు. నుదుటి ఎముకలు, పక్క ఎముకలు, వెనక ఎముక విడివిడిగా ఉండి, మధ్యలో సన్నటి నారపొరతో కలిసి ఉంటాయి. కాన్పులో అవి ఒకదాని మీదికి ఒకటి జరిగి తలకు దారి ఇస్తాయి. తరువాత లోపల మెదడు పెరుగుతూ నెట్టుతుంటే, ఆ అతుకుల అంచుల్లో కొత్త ఎముక చేరుతూ పుర్రె పెద్దదవుతుంది. మొదటి ఏడాదిలో తల చుట్టుకొలత దాదాపు 12 సెంటీమీటర్లు పెరుగుతుంది. వెనక మాడు రెండు మూడు నెలల్లో, ముందు మాడు ఏడాదిన్నర అటూ ఇటూగా పూడతాయి. నుదుటి మధ్య అతుకు మొదటి ఏడాదిలోనే కలిసిపోతుంది. మిగిలిన పెద్ద అతుకులు ఇరవై ఏళ్లు దాటాక గాని ఎముకగా మారడం మొదలుపెట్టవు. కదలనట్టు కనిపిస్తూనే పెరుగుదలకు చోటిస్తూ ఉండటం వాటి పని.

రెండు వేల నుంచి రెండున్నర వేల కాన్పుల్లో ఒక బిడ్డకు వాటిలో ఒకటి ముందే మూసుకుపోతుంది. అందులో దాదాపు సగం నడినెత్తి మీద ముందు నుంచి వెనక్కి పోయే అతుకే, మగపిల్లల్లో ఎక్కువ. మూసుకున్న అతుకుకు అడ్డంగా ఎముక పెరగలేదు, దాని వెంట మాత్రమే పెరుగుతుంది. అందుకే తల వెడల్పు ఆగిపోయి, ముందుకీ వెనక్కీ సాగుతుంది. వెడల్పులో తగ్గింది పొడవులో కలుస్తుంది కాబట్టి టేపుకు తేడా చిక్కదు. ముందు మాడు తెరుచుకునే ఉండొచ్చు. జర్మనీలో విర్షో ఈ నియమం రాసింది 1851లో. సికింద్రాబాద్‌లో ఇవాళ్టి గాంధీ ఆస్పత్రికి మూలమైన చిన్న వైద్యశాల మొదలైంది కూడా ఆ ఏడాదే. అంత పాతది ఆ జ్ఞానం. పరీక్ష రాయడానికి నేనూ చదివాను.

దాన్ని పట్టుకోవడానికి స్కానింగ్ అక్కర్లేదు. ముందు మాడు వెనక అంచు దగ్గర వేలు పెట్టి, నడినెత్తి మీదుగా వెనక్కి నెమ్మదిగా జరపాలి. మామూలు బిడ్డకు అక్కడ చిన్న పల్లం తగులుతుంది, ఒక్కోసారి అంచులు కొద్దిగా కదులుతాయి. అతుకు మూసుకుపోయిన బిడ్డకు గట్టి గీతలా ఒక గట్టు తగులుతుంది. పడుకున్న తీరు వల్ల చదునైన తల అయితే వెనక ఒక పక్క అణిగి ఉంటుంది, ఆ వైపు చెవి ముందుకు జరిగినట్టు కనిపిస్తుంది, గట్టు ఉండదు. ఇదంతా చూడటానికి అర నిమిషం చాలు. నేను మాడు దగ్గరే వేలు ఆపేశాను.

తొమ్మిదో నెల టీకాకు వాళ్లు వేరే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆవిడ వేలు వెనక్కి జరిపింది. సీటీ తీయించి, న్యూరోసర్జన్ దగ్గరికి పంపింది. మూడు నెలల వయసులో దొరికి ఉంటే ఎండోస్కోపుతో రెండు చిన్న కోతల్లోంచి ఆ మూసుకుపోయిన ఎముక పట్టీని తీసేసి, కొన్ని నెలలు తలకు హెల్మెట్ పెడితే సరిపోయేది. ఏడాది దగ్గరపడ్డాక ఆ దారి లేదు. ఈ చెవి నుంచి ఆ చెవి దాకా తల తెరవాలి. రేపు జుట్టు పెరిగాక పాపిడి తీసినట్టు మచ్చ కనబడకూడదని ఆ కోతను వంకర టింకరగా గీస్తారు. పుర్రె ఎముకల్ని విడదీసి, అమరిక మార్చి, కరిగిపోయే పలకలతో, దారాలతో మళ్లీ కలుపుతారు. అంత చిన్న ఒంటికి రక్తం ఎక్కించక తప్పదు.

ఆపరేషన్ అయ్యాక వాళ్లింటికి వెళ్లాను. బిడ్డ ముఖం వాచి కళ్లు మూసుకుపోయి ఉన్నాయి. ఇలాంటి ఆపరేషన్ తరువాత అది మామూలే, కొన్నాళ్లలో తగ్గుతుంది, కానీ తల్లికి మామూలు కాదు. నేను చెప్పాల్సింది చెప్పాను. నెలన్నరకే నాకు తెలియాల్సింది, రెండుసార్లు మీరు చూపించినా నేను చూడలేదు అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత, "అప్పుడే తెలిస్తే చిన్న ఆపరేషన్ అయ్యేదా సార్?" అని అడిగింది.

"అయ్యేదమ్మా" అన్నాను.

నాయనమ్మ నా వైపు చూడలేదు. నేను ఆవిడకు ప్రత్యేకంగా చెప్పాల్సి ఉంది, చెప్పాను కూడా: రోజూ తలకు నూనె పెట్టిన చేయి సరిగ్గానే చెప్పింది, తప్పు విన్నవాడిది. ఆవిడ "బిడ్డ మంచిగుంటే చాలు" అని లోపలికి వెళ్లిపోయింది. బిడ్డ బాగానే ఉన్నాడు, బడికి పోతున్నాడు.

కుట్లు పడిన గాయానికి నెత్తురు ఎలా ఆడాలో, పెరిగే తలకు అతుకులో చోటు అలా ఉండాలి. మూడు చోట్లా నాకు మూయడం మీద, సర్దిచెప్పి పంపేయడం మీద ఉన్న తొందరే ముందుకొచ్చింది. కుట్టేటప్పుడు ఇప్పుడు ముడి వేసి, అంచు రంగు చూసి, తెల్లబడితే విప్పి మళ్లీ వేస్తాను. ముఖం మీద కుట్లు అయిదు రోజులకు, తల మీదివి వారం పది రోజులకు, చేతులూ కాళ్లవి పది పద్నాలుగు రోజులకు తీస్తాను. "పప్పు తింటే చీము పడుతుందట కదా" అని పథ్యం పట్టేవాళ్లకు పప్పు, గుడ్డు తప్పకుండా తినమని చెబుతాను, గాయం మానేది వాటితోనే.

ఇక నెలన్నర టీకాకు వచ్చిన ప్రతి తల్లికీ, ఆమె వెంట వచ్చిన పెద్దవాళ్లకూ వాళ్లు అడగకుండానే చూపిస్తాను. బిడ్డ తలను వెలుతురు వైపు తిప్పి, వాళ్ల వేలే పట్టుకుని మాడు నుంచి వెనక్కి జరిపిస్తాను. గట్టు తగిలినా, తల రోజురోజుకూ సన్నబడుతూ పొడుగవుతున్నా, దిండ్లు మార్చుకుంటూ కూర్చోవద్దు, మూడో నెల నిండకముందే పిల్లల డాక్టరుకు చూపించండి, ఆ డాక్టరు మాడు ఒక్కటే చూసి పంపించేస్తే ఇంకొకరికి చూపించండి అంటాను.